పదిహేడో నంబరు బాగానే ఉంది

జూన్ 14

ఈ పుస్తకం అమ్మ కుట్టుషాపుది. ప్రతి పేజీకీ పైన పేరు, మెడ, భుజం, మళ్లీ భుజం, నడుము, పొడవు అని గళ్లు అచ్చువేసి ఉన్నాయి. ప్రెస్సువాడు భుజం రెండుసార్లు వేసి చేతులు మర్చిపోయాడట. అమ్మకి పనికిరాని పుస్తకాల కట్ట ఒకటి మూల పడి ఉంటే, అందులోంచి ఒకటి లేపేశాను. పైనుంచి చూస్తే కొలతల పుస్తకమే. ఇంకా లోపలికి చూసేవాళ్ల సంగతి నేను చూసుకుంటాను.

నన్ను పదో తరగతి బి సెక్షనుకి లీడర్ని చేశారు. చేతులెత్తండి అంటే నా నేస్తం గంట రెండు చేతులూ ఎత్తింది. రెండు ఓట్లు చెల్లవన్నారు లెక్కల సార్. "ఒకటి నాది సార్, ఇంకోటి నా నోటిది. అది వేరే మనిషి" అంది. క్లాసంతా పగలబడి నవ్వింది. దానికి గంట అని ఊరికే పేరు పెట్టలేదు. మూడో తరగతి నుంచి నా పక్కనే కూర్చుంటోంది, మూడో తరగతి నుంచి మోగుతూనే ఉంది.

జూన్ 16

బళ్లో కొత్త గోల మొదలైంది. ప్రతి సోమవారం అందరూ ఓ కాగితం నింపాలి. పది ప్రశ్నలు. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, నవ్వు వస్తోందా, బడికి రావాలనిపిస్తోందా... ఇలా. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు మనకి మనమే వేసుకోవాలి. మొత్తం యాభైకి. పాతిక కన్నా తక్కువ వచ్చినవాళ్లని గురువారం మేడమ్ పిలిచి మాట్లాడుతుంది. ఆవిడ కౌన్సెలరు, వారానికి ఒక్క గురువారమే వస్తుంది కాబట్టి ఆ పేరు పడింది. మెట్ల కింద పాత ఆటసామాన్ల గది ఆవిడకిచ్చారు. ఆవిడ కుర్చీ వెనక ఇంకా హాకీ కర్రలున్నాయి.

కాగితాలన్నీ లీడరు పోగుచేసి, కూడి, సెక్షను సగటు తీసి వరండాలో ఉన్న పెద్ద చార్టు మీద చుక్క పెట్టాలి. వారం వారం చుక్కలు కలిపితే గీత. పిల్లల మనసులు సంవత్సరం పొడుగునా ఎలా మారుతున్నాయో ఆ గీత చెప్పేస్తుందట. పెద్ద మేడమ్ ప్రార్థనలో చెప్పింది. హెడ్‌మిస్ట్రెస్ అనాలి గానీ ఆవిణ్ణి అలా ఎవరూ అనరు.

పదో ప్రశ్న: నీ బాధ చెప్పుకోవడానికి నీకెవరైనా ఉన్నారా? గంట నా కాగితంలోకి తొంగిచూసి, "ఐదు వెయ్యి. నేనున్నాగా. నేను వినను, కానీ ఉన్నా" అంది.

జూలై 7

కాగితం ఇవ్వనివాళ్లకి సున్నా వేస్తారట. ఈ రూల్ నాకెవడూ ముందు చెప్పలేదు. నలుగురు జ్వరాలతో మంచమెక్కితే మా గీత ధబేల్మని కిందపడింది. ఎ సెక్షను లీడరు నన్ను చూసి పళ్లికిలించాడు. "రానివాళ్లవి నువ్వే నింపెయ్, అందరూ చేసేదే" అన్నాడు. అంటే వాడి గీత అలాగే ఎక్కుతోందన్నమాట! నేనేమో పిచ్చిదానిలా నిజాలు కూడుతున్నాను.

జూలై 28

మా గుమ్మానికి పచ్చజెండా. నెలంతా ఎక్కువ సగటు ఉన్న సెక్షనుకి ఇస్తారు. పెద్ద మేడమ్ నా భుజం తట్టి, "పిల్లల్ని ఉత్సాహంగా ఉంచుతున్నావమ్మా" అంది. జ్వరమొచ్చినవాళ్లకి మొత్తం ముప్పై ఎనిమిది వేశాను. మరీ నలభై వేస్తే అనుమానం వస్తుంది.

ఇందులో తప్పేముంది? జ్వరం తగ్గాక వాళ్లు బాగానే ఉంటారు కదా. నేను కాస్త ముందు రాశాను, అంతే.

ఆగస్టు 19

యూనిఫారం నడుము దగ్గర వదులైంది. అమ్మ టేపు పెట్టి కొలిచి, పుస్తకంలో రాసుకుని, నా మొహంలోకి చూసింది.

"తింటున్నావా?"

"తింటున్నానమ్మా. టేపు సాగిపోయినట్టుంది, మార్చు."

అమ్మ టేపుని అటూ ఇటూ లాగి చూసింది.  ఎండలకి ఆకలి ఎవరికి ఉంటుంది?

బొటనవేలికి ప్లాస్టరు వేసుకున్నాను. కాగితం కోసుకుంది.

సెప్టెంబర్ 8

గంట వెనక బెంచీకి మారింది. కిటికీ పక్కన గాలి వస్తుందట. ఆ కిటికీ తలుపు విరిగి మేకులు కొట్టేసి రెండేళ్లయింది. ఆ మాట అంటే, "అయితే గాలి రాదు, సరేనా?" అంది. అంతే. దాని నోట్లోంచి నాలుగు మాటలు వచ్చి ఐదోది రాకపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

సోమవారం కాగితం ఖాళీగా నా చేతిలో పెట్టింది.

"నువ్వే రాసెయ్యవే."

"ఏం రాయమంటావు?"

"నీకు తెలీదా ఏంటి?"

తెలుసు కదా మరి. మూడో తరగతి నుంచి తెలుసు. అన్నీ నాలుగులు వేశాను. నవ్వు వస్తోందా అన్నదానికి ఐదు, నవ్వకుండా అది ఎప్పుడుంది? పదోదానికి ఐదు, నేనున్నాగా. నలభై రెండు వచ్చింది. హాజరు పట్టీలో గంటది పదిహేడో నంబరు. పదిహేడో నంబరు, నలభై రెండు.

సెప్టెంబర్ 9

బొటనవేలు. మళ్లీ కాగితమే.

సెప్టెంబర్ 29

నాలుగు సోమవారాలుగా గంట కాగితం నేనే నింపుతున్నాను. ఖాళీది ఇస్తుంది, వెళ్లిపోతుంది. నలభై రెండు, నలభై రెండు, నలభై రెండు, నలభై రెండు. అంకె కూడా మార్చబుద్ధి కాలేదు. మార్చితే ఎటు మార్చాలో ఆలోచించాలి. నాకు అంత తీరిక లేదు. లీడరంటే వంద పనులుంటాయి.

అక్టోబర్ 10

గంట నాతో మాట్లాడటం లేదు. పొద్దున్న మెట్ల దగ్గర ఎదురైతే నన్ను గోడని చూసినట్టు చూసి పోయింది. నేనేం చేశానని? దాని పనంతా నెత్తినేసుకుని చేస్తున్నాను, ఇంకా ఏం చేయాలి? ఉంటే ఉండనీ. నాకేం బెంగలేదు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు నేను. సోషల్ పీరియడ్‌లో తప్ప.

నవంబర్ 10

గంట వారం నుంచి బడికి రావడం లేదు. జ్వరమై ఉంటుంది. నలభై రెండు.

నవంబర్ 24

ఇంకా రాలేదు. నలభై రెండు.

హాజరు పట్టీ ఆఫీసు గదిలో ఉంటుంది. మనసు కాగితాల ఫైలు గురువారాలు మేడమ్ దగ్గర, మిగతా రోజులు నా దగ్గర ఉంటుంది. హాజరు పట్టీలో పదిహేడో నంబరు ఎదురుగా మూడు వారాలుగా ఎర్రగీతలు. నా ఫైల్లో పదిహేడో నంబరుకి బడికి రావాలని బాగా అనిపిస్తోంది, నాలుగు మార్కులు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసే మనిషి ఈ బళ్లో లేరు. నాకు ఈ రోజు నవ్వొచ్చింది. నవ్వితే కళ్లలో నీళ్లొచ్చాయి. నవ్వుతోనే.

అమ్మ నా స్కర్టు నడుము మళ్లీ లోపలికి వేసింది. చలికాలం, ఆకలి ఉండదు కదా.

డిసెంబర్ 12

నేను బాగానే ఉన్నాను. మా గీత బళ్లోకెల్లా పైన ఉంది.

జనవరి 9

ఈ రోజు ఏమీ జరగలేదు.

జనవరి 10

నిన్న ఏమీ జరగలేదని రాశాను. ఎవరికి అబద్ధం చెబుతున్నాను నేను? ఈ పుస్తకం చదివేది నేనొక్కదాన్నే. రాస్తాను.

పెద్ద మేడమ్ నన్ను ఫైలు పట్టుకుని రమ్మంది. వెళ్లేసరికి గదిలో గంటవాళ్ల అమ్మ ఉంది. ఆవిడ బట్టల కొట్లో సేల్స్‌లో పనిచేస్తుంది. పని మధ్యలో వచ్చినట్టుంది, కొట్టు పేరున్న చీటీ ఇంకా జాకెట్టుకి పిన్నుతో వేలాడుతోంది. నన్ను చూడగానే, "నువ్వున్నావా తల్లీ, నువ్వైనా చెప్పు" అంది.

రెండు నెలలుగా గంట గది దాటి రావడం లేదట. తిండి గుమ్మం దగ్గర పెడితే సగం తింటుందట. ఏమైందే అంటే ఏం కాలేదు అంటుందట. "ఎవరైనా ఏమైనా అన్నారేమోనని ఏడ్చి అడిగా మేడమ్. ఏం జరగలేదమ్మా, ఏమీ జరగకుండానే ఇలా ఉంది, అదే నాకు భయం అంటోంది" అంది ఆవిడ. ఇన్నాళ్ల గైర్హాజరుకి కారణం రాసి ఇవ్వకపోతే పరీక్షల జాబితాలో పేరు వెళ్లదు. అందుకని వచ్చింది.

పెద్ద మేడమ్ నా చేతిలోంచి ఫైలు తీసుకుంది. వేలితో ఒక్కో కాగితం తిప్పింది.

"చూడండమ్మా. సెప్టెంబరు నుంచి ప్రతి వారం నలభై రెండు. మా బళ్లో ఇంత నిలకడగా ఉన్న పిల్ల ఇంకొకతె లేదు. మానసికంగా సమస్య ఉంటే ఇందులో తెలిసిపోతుంది. మీ అమ్మాయి బడి ఎగ్గొట్టడానికి వేషాలేస్తోంది. గారాబం తగ్గించండి."

గంటవాళ్ల అమ్మ ఆ కాగితాలకేసి చూసింది. అన్ని నాలుగులూ ఒకేలా ఉన్నాయి. నేను నాలుగుకి పైన మూత పెట్టను. గంట పెడుతుంది. కన్నతల్లికి కూడా ఆ తేడా తట్టలేదు, చీటీ సర్దుకుని, "అయితే నేనే దాన్ని అనవసరంగా వెనకేసుకొస్తున్నానేమో మేడమ్" అంది.

నేను అక్కడే ఉన్నాను. నోరు కూడా ఉంది. తెరవలేదు.

జనవరి 11

అమ్మ "ఏమైందే, అలా ఉన్నావు" అంది. ఏం కాలేదన్నాను.

జనవరి 12

ఈ సోమవారం కూడా నలభై రెండు వేశాను. చెయ్యి దానంతటదే వేసేసింది. ఛీ.

జనవరి 25

గంట ఇంటికెళ్లాను. రెండు వారాలు పట్టింది ఆ నాలుగు వీధులు నడవడానికి. వాళ్లమ్మ తలుపు తీసి, లోపలికి చూపించి, వంటింట్లోకి పోయింది. ఫ్యాను తిరుగుతోంది, చలిలో. గంట మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. దువ్వని జడ. అది రోజుకి రెండుసార్లు జడ విప్పి వేసుకునే రకం.

ఏం మాట్లాడాలో తెలీక, "కిటికీ పక్కన గాలి బాగా వస్తోందా?" అన్నాను. దాని భుజం కొంచెం కదిలింది. నవ్వో, ఇంకోటో.

అప్పుడు చెప్పేశాను. వాళ్లమ్మ వచ్చినప్పుడు ఫైలు పట్టుకుని నిలబడ్డది నేనేనని, నోరు విప్పలేదని.

"తెలుసు" అంది గోడతోనే. "అక్టోబర్‌లో నేను గురువారం మేడమ్ దగ్గరికి వెళ్లా."

"ఎప్పుడు?"

"తొమ్మిదో తారీఖు, గురువారం. ఎవరూ పిలవలేదు, నేనే వెళ్లా. మెట్ల కింద అరగంట నిలబడ్డా, ధైర్యం వచ్చేదాకా. లోపలికెళ్తే నా నంబరు అడిగి ఫైలు తీసింది. నీకు నలభై రెండుంది కదమ్మా, పాతికలోపు వాళ్లే పదకొండు మంది బయట ఉన్నారు, వాళ్లయ్యాక చూద్దాం అంది. మంచావిడే. నవ్వుతూనే చెప్పింది."

 ఆ మర్నాడే కదా అది నన్ను గోడని చూసినట్టు చూసింది.

"అంటే నా మీద కోపమొచ్చిందా?"

గంట ఇటు తిరిగింది. చాలా రోజుల తర్వాత దాని మొహం చూశాను.

"కోపం కాదే. నువ్వు నన్ను రోజూ చూస్తావు కదా. నువ్వే నలభై రెండు వేశావంటే, నీకు అలా కనిపించానంటే, నేను బాగానే ఉన్నానేమో, ఊరికే అతి చేస్తున్నానేమో అనుకున్నా. ఎంత ప్రయత్నించినా బాగున్నట్టు అనిపించలేదు. ఇంక అడగడం మానేశా."

నేను ఏడవలేదని రాద్దామనుకున్నాను. ఏడ్చాను. దాని మంచం అంచున కూర్చుని ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. అదేమో, "దుప్పటికి తుడవకు, ఉతికేది నేను కాదు" అంది. అన్నేళ్లుగా విన్న గొంతు ఆ ఒక్క మాటలో వినిపించింది.

జనవరి 27

నిన్న రిపబ్లిక్ డే సెలవు, సోమవారం కాగితాలు ఈ రోజిచ్చారు. పదిహేడో నంబరు కాగితం ఖాళీగా ఉంచేశాను. సున్నా వేశారు. మా గీత కిందికి దిగింది. పచ్చజెండా ఎ సెక్షనుకి పోయింది. పోనీ, దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగమను.

ఫిబ్రవరి 3

పెద్ద మేడమ్‌కి చెప్పేశాను. గంటవే కాదు, జూలై నుంచి రానివాళ్లవి, ఇవ్వనివాళ్లవి అన్నీ నేనే నింపానని. ఎ సెక్షను సంగతి చెప్పలేదు, నా తప్పు చెప్పడానికి వెళ్లి వాడి మీద చాడీలు ఎందుకు?

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. చాలాసేపు తుడిచింది.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు మేడమ్."

"పంతొమ్మిదో తారీఖు పై నుంచి కమిటీ వస్తోంది, ఈ చార్టు చూడ్డానికే. జిల్లా మొత్తంలో మనమే చేశాం. అది అయిపోనీ. తర్వాత ఆ అమ్మాయి విషయం చూద్దాం."

"పంతొమ్మిది సాయంత్రమే పరీక్షల జాబితా వెళ్లిపోతుంది మేడమ్."

"చూద్దాం అన్నాను కదా."

ఆ చూద్దాం నాకు తెలుసు. గురువారం మేడమ్ కూడా గంటతో అదే అంది. ఫైలు నా దగ్గర్నుంచి తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది. బ్యాడ్జి మాత్రం ఉంచుకోమంది, కమిటీ ముందు లీడరు లేకపోతే బాగోదట.

ఫిబ్రవరి 15

ఆదివారం. షాపులో అమ్మకి అన్నీ చెప్పాను, బొత్తాలు కుడుతూ. మొహం చూడక్కర్లేకుండా చెప్పడానికి బొత్తాలంత మంచి పని ఇంకోటి లేదు. చివర్లో వేలికున్న ప్లాస్టరు పీకి చూపించాను. కాగితం కోయలేదమ్మా, నేనే కొరుకుతున్నాను అన్నాను.

అమ్మ మిషను ఆపింది. అరలోంచి కొలతల పుస్తకం తీసి నా పేరున్న పేజీ తెరిచింది. జూన్, ఆగస్టు, నవంబర్, మొన్న జనవరి. నడుము గడిలో నాలుగు అంకెలు, ఒకదాని కింద ఒకటి తగ్గుతూ.

"టేపు సాగిందన్నావు కదా. ఆ మర్నాడే కొత్త టేపు కొన్నా. మళ్లీ కొలిచా, నువ్వు నిద్రపోతుంటే. అదే వచ్చింది."

"మరి అడగలేదేం?"

"మూడుసార్లు కుట్టు విప్పి లోపలికి వేశా. అడిగితే నువ్వేం చెబుతావోనని భయమేసి, కుట్టడమే చేశా." అమ్మ పుస్తకం మూసింది. "ఇద్దరం ఒకే బడిలో చదివినట్టున్నాం."

 పక్కన ఓ కస్టమర్ చొక్కా ఉంది. చంక దగ్గర కుట్టు తప్పు పడింది. అమ్మ అలవాటుగా ఎర్ర సుద్ద తీసి ఆ చోట సున్నా చుట్టింది. తప్పు కుట్టు కనబడితే అమ్మ వెంటనే విప్పదు. ముందు ఎర్రగా సున్నా చుట్టి పెడుతుంది. విప్పి మళ్లీ కుట్టాల్సిన చోటు అని గుర్తు. సున్నా చుట్టిన బట్ట షాపు దాటి పోకూడదు, అది అమ్మ రూలు.

"అమ్మా, ఆ సుద్ద ఒకటి నాకివ్వు" అన్నాను.

అమ్మ నన్ను ఓసారి ఎగాదిగా చూసింది. కొత్త బిళ్లే ఇచ్చింది, అరిగింది కాదు.

ఫిబ్రవరి 19

ఇవాళ్టిది మొత్తం రాస్తాను. చెయ్యి నొప్పెట్టినా రాస్తాను.

కమిటీ రెండింటికి వస్తుంది. ఒంటిగంటకి భోజనాల బెల్లు కొట్టారు. వరండా ఖాళీ. చార్టుకి చుట్టూ రంగు కాగితాల అంచు అంటించారు. ఎనిమిది సెక్షన్లు, ఎనిమిది గీతలు, అన్నీ జూన్‌లో కింద మొదలై ఫిబ్రవరికి పైకెక్కాయి. ఏ బళ్లోనైనా పరీక్షలు దగ్గరపడేకొద్దీ పిల్లలు ఇంత సంతోషంగా ఉంటారా? ఆ గీతలు చూసి ఎవరికీ ఒక్క అనుమానం రాలేదంటే మెచ్చుకోవాలి.

బెంచీ ఈడ్చుకొచ్చి ఎక్కాను. జూలై రెండో వారం చుక్క చుట్టూ ఎర్రగా సున్నా చుట్టాను. తర్వాత మూడో వారం. నాలుగో వారం. నేను చేత్తో నింపిన ప్రతి వారానికీ ఒకటి. లెక్క గుర్తు పెట్టుకోవాల్సిన పనేం లేదు, జనవరి మూడో వారందాకా ఒక్క వారం కూడా వదల్లేదు నేను.

"ఏం చేస్తున్నావక్కా?"

కింద సోడాబుడ్డి నిలబడ్డాడు. తొమ్మిదో తరగతి ఎ లీడరు, వాడి కళ్లద్దాల మందం చూస్తే ఆ పేరెందుకో అడగక్కర్లేదు. చేతిలో టిఫిన్ డబ్బా.

"నేను దొంగతనంగా నింపిన చోట్లు. వెళ్లి చెప్పుకో."

వాడు చార్టు చూశాడు, నన్ను చూశాడు, డబ్బా కింద పెట్టాడు. "నాకూ ఓసారి ఆ సుద్ద ఇస్తావా?" అన్నాడు. "మావాడొకడున్నాడు. సెప్టెంబర్ నుంచి ఒక్క మాట మాట్లాడడు. నలభై వేస్తున్నా."

సుద్ద రెండు ముక్కలు చేశాను. తర్వాత నాలుగు. ఎనిమిదో తరగతి అమ్మాయిలిద్దరూ వచ్చారు. చివరికి మా పదో తరగతి ఎ సెక్షను లీడరు వచ్చాడు. నేను ముక్క దాచుకున్నాను. "ఇవ్వవే బాబూ, నావి ఎక్కువున్నాయి, అరగంట పడుతుంది" అన్నాడు.  బెల్లు కొట్టేసరికి చార్టుకి తట్టు పోసినట్టుంది.

పెద్ద మేడమ్ పరుగున వచ్చింది. ఆయమ్మని పిలిచి తుడవమంది. ఆయమ్మ తడిగుడ్డతో రుద్దింది. సుద్ద పోలేదు, కరిగి పాకింది. ఇప్పుడు మొత్తం చార్టే గులాబీ రంగైంది, సున్నాలు మాత్రం లోపల అలాగే ఉన్నాయి. "ఇంకా రుద్దమంటారా అమ్మగారూ?" అంది ఆయమ్మ, మొహంలో ఏ భావమూ లేకుండా. ఆ మనిషికి నేను జీవితాంతం దండం పెడతాను.

"ఎవరు చేశారిది?"

"నేనే మేడమ్. మొదటి సున్నా నాది."

"రెండోది నాది" అన్నాడు సోడాబుడ్డి. గొంతు కీచుమంది గానీ అన్నాడు.

అప్పటికే కమిటీవాళ్లు గేటు దాటారు. ముగ్గురు. ముందున్నావిడది తెల్లజుట్టు, చేతిసంచి గుండెకి హత్తుకుని నడుస్తోంది. చార్టు ముందు ఆగింది.

"ఈ ఎర్ర సున్నాలేంటండీ?"

"పిల్లలు... ఉత్సాహంగా అలంకరించారండి" అంది పెద్ద మేడమ్.

 జనవరిలో ఒకసారి నోరు మూసుకున్నాను, ఆ రుచి నాకింకా పోలేదు.

"అలంకరణ కాదండీ. అవి విప్పి మళ్లీ కుట్టాల్సిన చోట్లు. కాగితం ఇవ్వనివాళ్లకి సున్నా వేస్తే గీత పడిపోతుందని, లీడర్లమే నింపేశాం. మా సెక్షనులో పదిహేడో నంబరు నవంబర్ నుంచి బడికే రాలేదు. ఆ అమ్మాయికి ప్రతి వారం నలభై రెండు వేశాను. ఆ అబద్ధం చూపించి ఆ అమ్మాయిది వేషం అంటున్నారు. సాయంత్రం జాబితాలోంచి పేరు తీసేస్తున్నారు. హాజరు పట్టీ, బీరువాలో ఉన్న మనసు కాగితాల ఫైలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్కసారి చూడండి, అంతే నేనడిగేది."

జూలై సున్నా మీద వేలు పెట్టి చూపించాను. 

"ఈ పిల్ల మాటలు పట్టించుకోకండి, ఒత్తిడిలో ఉంది" అంది పెద్ద మేడమ్.

"ఉన్నానండీ" అన్నాను. "ఒత్తిడిలోనే ఉన్నాను. అది కూడా నా కాగితంలో ఎక్కడా లేదు."

మెట్ల దగ్గర్నుంచి ఎవరో దగ్గారు. గురువారం మేడమ్. ఇవాళ గురువారమని అప్పుడే గుర్తొచ్చింది. చేతిలో పెన్ను మూత అటూ ఇటూ తిప్పుతోంది.

"పదిహేడో నంబరు అక్టోబర్‌లో నా గుమ్మం దాకా వచ్చింది" అంది. "నేనే కాగితం చూసి వెనక్కి పంపాను. మనిషి ఎదురుగా ఉంటే అంకె చూశాను. గైర్హాజరుకి కారణం నేను రాసిస్తాను, ఇప్పుడే, సంతకంతో."

తెల్లజుట్టావిడ సంచి బల్ల మీద పెట్టి, "హాజరు పట్టీ తెప్పించండి" అంది.

ఫిబ్రవరి 20

గంట పేరు జాబితాలో వెళ్లింది. నిన్న సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలకి. గుమాస్తా గది కిటికీలోంచి చూసి వచ్చాను.

నా బ్యాడ్జి తీసేశారు. క్షమాపణ పత్రం రాయమన్నారు. రాశాను, గంటవాళ్ల అమ్మ పేరున. పెద్ద మేడమ్ పేరున రాయలేదని ఇంకోటి అడిగారు. రాయను. ఏం చేసుకుంటారో చేసుకోమను.

నాన్న బస్సు డ్యూటీ దిగి వచ్చి, చొక్కాకి బ్యాడ్జి ఊడిన చోటు చూసి, "చిల్లు పడిందే, మీ అమ్మకి చెప్పు, కుడుతుంది" అన్నాడు. నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

ఫిబ్రవరి 26

గురువారం మేడమ్ గంట ఇంటికి వెళ్లింది. హాకీ కర్రల గదికి ఎవరూ రానక్కర్లేదట, ఆవిడే వస్తుందట. పెద్ద డాక్టరుకి కూడా చీటీ రాసింది. గంటవాళ్ల అమ్మ కొట్లో సెలవు పెట్టి తీసుకెళుతోంది.

గంట బాగైపోయిందని రాయను. అలా రాయడం నాకు ఎంత తేలికో నాకు తెలుసు.

మార్చి 2

చార్టు తీసేశారు. గోడ మీద చదరంగా తెల్లమచ్చ మిగిలింది. కాగితాలు మాత్రం ఉన్నాయి, ఇప్పుడు ఎవరిది వాళ్లు కవర్లో పెట్టి నేరుగా గురువారం మేడమ్ గది దగ్గర పెట్టెలో వెయ్యాలి. సగటు లేదు, జెండా లేదు.

నాది నేను నింపాను. నిద్ర రెండు. ఆకలి ఒకటి. నవ్వు మూడు, ఆయమ్మ పుణ్యమా అని. కూడితే ఇరవై ఒకటి. పేపరు మీద చూస్తే మొదట ఒళ్లు మండింది, నాకేంటి ఇరవై ఒకటేంటి అని. తర్వాత ఊపిరి పీల్చుకున్నాను. గురువారం నా వంతు మూడున్నరకి.

గంట కాగితం పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. మంచం మీద కూర్చుని ఉంది, ఫ్యాను ఆపేసి ఉంది. జడ సగం వేసి వదిలేసింది. కాగితం చూసి, "నువ్వే రాసెయ్యవే" అంది. కావాలనే అంది. నేను రెండు చేతుల మీదా కూర్చున్నాను, బొటనవేళ్లతో సహా.

"నీ చేత్తో నువ్వు రాసి ఏడు."

"అబ్బో, బ్యాడ్జి లేకపోయినా పొగరు తగ్గలేదు."

రాసింది. ఒకటి, రెండు, ఒకటి, రెండు. ఒక్కో అంకెకీ చాలాసేపు ఆగింది. ఏడో ప్రశ్న దగ్గర ఒక్క నాలుగు వేసింది, పైన మూతతో. వరసగా నేను వేసిన నాలుగుల్లో ఏ ఒక్కటీ అలా లేదు. పదోది వచ్చింది. నీ బాధ చెప్పుకోవడానికి నీకెవరైనా ఉన్నారా? పెన్ను నోట్లో పెట్టుకుని నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

మూడు వేసింది.

"మూడేనా?" అని అడక్కుండా ఉండలేకపోయాను.

"నీ గురించి ఇంకా ఆలోచిస్తున్నాలే" అంది గంట. "వచ్చే సోమవారం చూద్దాం."

గంట కవరు అంటించలేదు. నాలుగు వీధులు నడిచాను. కాగితం చేతిలో ఉంది, పెన్ను జేబులో ఉంది. గురువారం మేడమ్ పెట్టెలో వేసేటప్పుడు మూడు మూడుగానే ఉంది.